దెబ్బ తగిలిన ఆటగాడికి ఇంకో కోర్టు

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలోనూ, పక్కనున్న వెస్ట్ విండ్సర్, ఎడిసన్ వైపూ ఉంటున్న మన తెలుగు కుటుంబాలతో ఈ పూట ఒక్క విషయమే మాట్లాడతాను. మన పిల్లల్లో ఆటలాడేవాళ్ళు బాగా పెరిగారు. సాకర్ ఆడుతున్నారు, క్రికెట్ ఆడుతున్నారు, బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, ట్రాక్ మీద పరుగెడుతున్నారు. సంతోషం. కానీ ఆట ఉన్నచోట దెబ్బలూ ఉంటాయి. చాలా దెబ్బలు మానిపోతాయి. కొన్ని మానవు. వెన్నుపాముకి దెబ్బ తగలవచ్చు. రోడ్డు ప్రమాదంలో కాలు తీసెయ్యాల్సి రావచ్చు. ఎన్ని ఆపరేషన్లు చేసినా మోకాలు నిలవకపోవచ్చు. అలాంటి కష్టం ఒక ఇంటికి వచ్చినప్పుడు ముందు ప్రాణం గురించి అడుగుతాం. తర్వాత నడక గురించి అడుగుతాం. ఆ తర్వాత చదువు, ఉద్యోగం. ఆట గురించి మాత్రం అడగం. ఆట అయిపోయిందని మనమే తీర్మానించేస్తాం. అక్కడ తొందరపడుతున్నాం. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. దెబ్బ తగిలిన ఆటగాణ్ణి ఆటకి దూరం చెయ్యకండి. డాక్టరు సరేనన్నాక, వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకి ఒక్కసారి తీసుకెళ్ళండి. ఎందుకు తీసుకెళ్ళాలో, ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో కూడా చెప్తాను.

ముందు ఒక అమ్మాయి సంగతి వినండి. పేరు కోర్ట్నీ రయన్. కాలిఫోర్నియాలోని శాన్ డియేగో అమ్మాయి. సాకర్ ప్లేయరు. డెన్వర్‌లో కాలేజీ జట్టుకి ఆడేది. 2010లో ఒక మ్యాచ్‌లో ఎదుటి ప్లేయరుతో ఢీకొని పడింది. వెన్నుపాము దగ్గర రక్తం గడ్డకట్టింది. కాళ్ళు చచ్చుపడ్డాయి. అప్పటిదాకా ఆమె ఆటంతా కాళ్ళతోనే. సాకర్‌లో చేత్తో బంతి ముట్టుకుంటే తప్పు కదా. అలాంటి అమ్మాయి అరిజోనా యూనివర్సిటీలో వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది. కాళ్ళతో ఆడిన మనిషి చేతులతో ఆడటం మొదలుపెట్టింది. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టుకి కాంస్యం వచ్చింది. ఆ జట్టులో ఆమె ఉంది. 2024 పారిస్‌లో రజతం వచ్చింది. అప్పుడూ ఉంది. మధ్యలో గడిచిన కాలం గమనించండి. దెబ్బకీ మొదటి పతకానికీ నడుమ పదేళ్ళు పైన పట్టింది. ఇది రాత్రికి రాత్రి జరిగిన అద్భుతం కాదు. పదేళ్ళ సాధన. అద్భుతమైతే మనం చేసేదేమీ ఉండదు. సాధన కాబట్టే చెయ్యడానికి మనకొక పని ఉంది.

ఇంకొక మనిషి జర్మనీకి చెందిన మరైకె మిల్లర్. ఈమె మొదటినుంచీ బాస్కెట్‌బాల్ ప్లేయరే. మోకాలి లిగమెంట్లు పదే పదే తెగాయి. ఇరవై ఏళ్ళు రాకముందే, నిలబడి ఆడే బాస్కెట్‌బాల్ ఇక కుదరదని తేలిపోయింది. ఆమె నడవగలదు. అయినా కోర్టు మీద పరుగు, గెంతు, గిరుక్కున తిరగడం ఆ మోకాలికి సాధ్యం కాదు. అందుకని అదే ఆటని కుర్చీలో కూర్చుని ఆడింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ యూనివర్సిటీకి వచ్చి చదువుకుంటూ ఆడింది. 2012 లండన్ ఫైనల్లో జర్మనీ మహిళలు ఆస్ట్రేలియాని 58-44తో ఓడించి స్వర్ణం గెలిచారు. ఆ జట్టులో మిల్లర్ ఉంది. 2016 రియోలో రజతం వచ్చింది. టోక్యో ప్రారంభోత్సవంలో జర్మనీ జెండా పట్టుకుని నడిచిన ఇద్దరిలో ఆమె ఒకరు. ఒకామె కాళ్ళు చచ్చుపడిన సాకర్ ప్లేయరు. ఇంకొకామె నడవగలిగిన బాస్కెట్‌బాల్ ప్లేయరు. ఇద్దరూ చేరింది ఒకే ఆటకి. ఇద్దరి కథతోనే అందరి సంగతీ తేలదు, నిజమే. అందుకే వాళ్ళెలా చేరగలిగారో చూడాలి. పాత ఆటలోంచి కొత్త ఆటలోకి ఏం వస్తుంది? ఏం రాదు?

మనందరికీ తెలిసిన ఒక సంగతి చెప్తాను. హైదరాబాదులో పదేళ్ళు కారు నడిపినవాళ్ళు ఇక్కడికొచ్చి మొదటిసారి రూట్ వన్ ఎక్కారనుకోండి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. బండి రోడ్డుకి కుడివైపు పోవాలి. ఇండికేటర్ వేద్దామని చెయ్యి పెడితే వైపర్లు ఆడతాయి. మొదటి వారం చేతులు మాట వినవు. అంతమాత్రాన డ్రైవింగ్ రానివాళ్ళా? కాదు. ముందు బండి ఎప్పుడు బ్రేకు వేస్తుందో వాళ్ళకి తెలుసు. పక్క లేనులోవాడు ఎప్పుడు దూరతాడో తెలుసు. ఎంత దూరంలో ఎంత వేగం తగ్గించాలో తెలుసు. ఆ తెలివి సముద్రం దాటి వాళ్ళతోపాటే వచ్చింది. చేతి అలవాటు మాత్రం మళ్ళీ నేర్చుకోవాలి. ఆటగాడి విషయమూ అంతే. ఎదుటివాడి భుజం చూసి ఎటు తిరుగుతాడో పసిగట్టడం, ఖాళీ ఎక్కడ ఏర్పడుతుందో ముందే చూడటం, ఓడిపోతున్న మ్యాచ్‌లో తల చల్లగా ఉంచుకోవడం, తెల్లారగట్ల లేచి ప్రాక్టీసుకి వెళ్ళడం. ఇవి ఏళ్ళ తరబడి సంపాదించుకున్న ఆస్తి. దెబ్బ కాలికి తగిలింది. ఈ ఆస్తికి తగల్లేదు. దాన్ని వాడుకునే చోటు చూపించకపోతే మాత్రం అది వృథా అవుతుంది.

మరి కొత్తగా నేర్చుకోవాల్సిందేమిటి? కుర్చీ. ఆటల కుర్చీ ఆసుపత్రిలో చూసే కుర్చీలా ఉండదు. వెనక తోసే పిడులుండవు. బ్రేకులుండవు. పెద్ద చక్రాలు రెండూ పైన లోపలికి వాలి, కింద బయటికి పరుచుకుని ఉంటాయి. అందువల్ల కుర్చీ చటుక్కున తిరుగుతుంది, పక్కకి పడిపోదు. వెనక్కి బోల్తా పడకుండా చిన్న చక్రం ఒకటి ఉంటుంది. నడుముకీ తొడలకీ పట్టీలు బిగిస్తారు. కుర్చీ, మనిషి ఒక్కటైపోవాలి. కోర్టు కొలత మారదు. రింగు ఎత్తు మారదు, అదే 10 అడుగులు. ఫ్రీ త్రో గీత కూడా అదే దూరం. గెంతడానికి లేదు కాబట్టి బంతిని అంత ఎత్తుకి పంపే బలమంతా నడుములోంచి, భుజంలోంచి, మణికట్టులోంచి రావాలి. బంతి చేతిలో ఉండగా చక్రాన్ని రెండుసార్లే తొయ్యొచ్చు. ఆ తర్వాత బంతిని నేలకి కొట్టాలి, లేదా పాస్ ఇవ్వాలి, లేదా షాట్ వెయ్యాలి. మూడోసారి తోస్తే బంతి ఎదుటి జట్టుకి పోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. కుర్చీ ముందుకి పోతుంది, వెనక్కి పోతుంది, తిరుగుతుంది. పక్కకి మాత్రం జరగదు. కాబట్టి ఎదుటివాడు పోయే దారిలో మీరు ఒక్క క్షణం ముందే కుర్చీ ఆపితే వాడు అక్కడే ఇరుక్కుపోతాడు. అందుకే ఈ ఆటలో వేగం కన్నా ముందుచూపుకి విలువెక్కువ. ఏళ్ళ తరబడి ఆటలాడిన మనిషి దగ్గర ఉండేది ఆ ముందుచూపే.

ఈ ఆటలో ఇంకొక గొప్ప ఏర్పాటు ఉంది. ప్రతి ప్లేయరుకీ శరీరం ఎంతవరకు సహకరిస్తుందో చూసి ఒక పాయింటు ఇస్తారు. నడుము మీద అదుపు బాగా తక్కువున్నవాళ్ళకి 1.0. నడుము అన్నివైపులా తిప్పగలిగినవాళ్ళకి 4.5. మధ్యలో అరపాయింటు చొప్పున మెట్లు. కోర్టు మీద ఉన్న అయిదుగురి పాయింట్లు కలిపితే 14 దాటకూడదు. దీని ఫలితం చూడండి. అయిదుగురూ 4.5 వాళ్ళే ఉంటే లెక్క 22న్నర అవుతుంది, కుదరదు. జట్టు నిలబడాలంటే తక్కువ పాయింటు ప్లేయర్లు ఉండి తీరాలి. వాళ్ళ మీద దయతో ఇచ్చిన చోటు కాదది. వాళ్ళు లేకపోతే జట్టే లేదు. 1.0 ప్లేయరు సరైన చోట కుర్చీ ఆపి 4.5 ప్లేయరుని కట్టిపడేస్తే మ్యాచ్ మలుపు తిరుగుతుంది. దెబ్బ పెద్దదా చిన్నదా అన్న దాన్నిబట్టి మనిషి పనికొస్తాడా రాడా అని తేల్చే అలవాటు మనకుంది. ఈ ఆట ఆ అలవాటుకి సూటిగా జవాబు చెప్తుంది. ఏ మేరకు శరీరం మిగిలితే ఆ మేరకు పని ఉంది. ఆ పని లేకుండా గెలుపు లేదు.

అసలు ఈ ఆట పుట్టిందే దెబ్బతిన్న ఆటగాళ్ళ వల్ల. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1945, 46 ప్రాంతంలో, అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎందరో కుర్రాళ్ళు వెన్ను విరిగి చేరారు. అంతకుముందు యుద్ధాల్లో అలాంటివాళ్ళు ఎక్కువ కాలం బతికేవాళ్ళు కారు. కొత్త మందులు, కొత్త వైద్యం వాళ్ళని బతికించాయి. వాళ్ళలో చాలామంది సైన్యంలో చేరకముందు ఆటలాడినవాళ్ళే. కుర్చీల్లో కూర్చునే బాస్కెట్‌బాల్ మొదలుపెట్టారు. 1949లో ఇల్లినాయ్‌లో టిమ్ న్యూజెంట్ చొరవతో మొదటి జాతీయ పోటీ జరిగింది. నేషనల్ వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. 1960 రోమ్ పారాలింపిక్స్ నాటికే ఈ ఆట అందులో ఉంది. ఈ రోజు దీని స్థాయి తెలియాలంటే పారిస్ 2024 పురుషుల ఫైనల్ చూడండి. అమెరికా 73, బ్రిటన్ 69. రియో, టోక్యో, పారిస్, వరసగా మూడు స్వర్ణాలు అమెరికావే. కాబట్టి దీన్ని కాలక్షేపం అనుకోకండి. ఇది కసరత్తు, వ్యూహం, పోటీ అన్నీ ఉన్న ఆట.

ఇప్పుడు తల్లిదండ్రుల మనసులో ఉండే అభ్యంతరాలకి వద్దాం. మొదటిది చాలా సున్నితమైనది. కుర్చీలో కూర్చోబెడితే ఇక నడుస్తాడన్న ఆశ వదిలేసుకున్నట్టే కదా అని అమ్మానాన్నల గుండె బరువెక్కుతుంది. ఆ బాధ అర్థమవుతుంది. కానీ ఆటల కుర్చీ ఆట కోసం. కోర్టు మీద ఆడి, కుర్చీ దిగి, కృత్రిమ కాలు తగిలించుకుని ఇంటికి నడిచి వెళ్ళే ప్లేయర్లు ఉన్నారు. మిల్లర్ సంగతి ఇందాకే చెప్పుకున్నాం. ఫిజియోథెరపీ ఆపమని ఎవరూ అనడం లేదు. నడక కోసం చేసే ప్రయత్నం నడకది. ఆట ఆటది. రెండూ పక్కపక్కనే సాగొచ్చు. పైగా ఆశంతా ఒక్క నడక మీదే పెట్టి, మిగతా బతుకునంతా దాని కోసం ఆపేస్తే, నడక రాని రోజున ఆ పిల్లాడికి ఏం మిగులుతుంది? ఆశని వదులుకోమనడం లేదు. ఆశకి ఇంకో దారి కూడా తెరవమంటున్నాను.

రెండో అభ్యంతరం, మళ్ళీ దెబ్బ తగిలితే అని. ఈ భయం న్యాయమైనదే. కుర్చీలు గట్టిగానే గుద్దుకుంటాయి. చక్రాలు తోసి తోసి భుజాలు నొప్పెడతాయి. కుర్చీయే ఆధారంగా బతికేవాళ్ళకి భుజాలే కాళ్ళ పని కూడా చెయ్యాలి కాబట్టి వాటిని కాపాడుకోవాలి. స్పర్శ తెలియని చోట ఒరుసుకుంటే పుండ్లు పడతాయి. అందుకే డాక్టరు సరేనన్నాక అని మొదటే అన్నాను. కొలత సరిపోయిన కుర్చీ, భుజాలకి తగిన వ్యాయామం, తెలిసిన కోచ్, ఈ మూడూ ఉండాలి. అసలు ఈ ఆట కుదరని దెబ్బలూ ఉన్నాయి. మన పక్కనే ఉన్న రట్గర్స్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ప్లేయర్ ఎరిక్ లెగ్రాండ్ మీలో చాలామందికి తెలుసు. 2010 అక్టోబరులో ఆర్మీ జట్టుతో ఆడుతూ మెడ దగ్గర వెన్నుపాముకి దెబ్బ తగిలింది. వెస్ట్ ఆరెంజ్‌లోని కెస్లర్ కేంద్రంలో చికిత్స పొందాడు. చేతులు సహకరించని దెబ్బకి ఈ ఆట కుదరదు. కానీ అతను ఆటని వదిలాడా? రట్గర్స్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లకి రేడియోలో మాట్లాడాడు. చేతుల్లో కొంత బలం మిగిలినవాళ్ళ కోసం 1970ల్లో కెనడాలో వీల్‌చెయిర్ రగ్బీ పుట్టింది. అంటే దెబ్బని బట్టి ఆట మారుతుంది. ఏ ఆట అన్న ప్రశ్న మాత్రం అడగాల్సిందే.

మూడోది అర్హత. మోకాలి లిగమెంట్ తెగిన ప్రతి కుర్రాడూ పారాలింపిక్స్‌కి వెళ్ళొచ్చని నేను చెప్పడం లేదు. మానిపోయే దెబ్బకి అంతర్జాతీయ పోటీల్లో చోటు లేదు. శాశ్వతమైన లోపం ఉండాలి. అది వాళ్ళ నియమాలకి సరిపోవాలి. 2020లో ఈ నియమాలు గట్టిపడ్డాయి. 4.0, 4.5 పాయింట్ల ప్లేయర్లని మళ్ళీ పరీక్షించారు. కెనడాకి చెందిన డేవిడ్ ఎంగ్ లండన్‌లో స్వర్ణం గెలిచిన జట్టు సభ్యుడు. ఆయనకే అర్హత లేదని తేల్చారు. అది ఎంత బాధాకరమో చెప్పక్కర్లేదు. కాబట్టి పిల్లాడికి పతకం ఆశ పెట్టి తీసుకెళ్ళకండి. ఆట ఆశ పెట్టి తీసుకెళ్ళండి. జర్మనీలోనూ కెనడాలోనూ క్లబ్బు స్థాయిలో ఏ లోపమూ లేనివాళ్ళు కూడా కుర్చీలో కూర్చుని ఆడతారు. ఆట మంచిదని ఆడతారు.

నాలుగోది, ఆ స్థాయికి చేరేది ఎంతమంది అన్న ప్రశ్న. నిజం చెప్పుకుందాం. పారిస్‌కి పురుషుల జట్లు 8, మహిళల జట్లు 8 వచ్చాయి. జట్టుకి 12 మంది. ప్రపంచమంతా కలిపి 192 మంది. చాలా తక్కువ. కానీ హైస్కూల్లో సాకర్ ఆడే మన పిల్లల్లో ప్రపంచ కప్పుకి చేరేది ఎందరు? అయినా ఆడిస్తున్నాం కదా. ఆట వల్ల ఒళ్ళు, మనసు, స్నేహాలు బాగుంటాయని ఆడిస్తున్నాం. దెబ్బ తగిలాక ఆ మూడూ ఇంకా ఎక్కువ అవసరం. చదువు సంగతి కూడా ఉంది. ఇల్లినాయ్, అరిజోనా, అలబామా, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్, వైట్‌వాటర్‌లోని విస్కాన్సిన్ లాంటి యూనివర్సిటీల్లో వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ జట్లున్నాయి. ఇక ఖర్చు. మంచి ఆటల కుర్చీకి కొన్ని వేల డాలర్లవుతుంది. ఇన్సూరెన్స్ సాధారణంగా దానికి డబ్బివ్వదు. అయితే మొదటి రోజే కొనక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి కుర్చీ అరువిచ్చే క్లబ్బులున్నాయి. పిల్ల నిలదొక్కుకున్నాక ఛాలెంజ్డ్ అథ్లెట్స్ ఫౌండేషన్ లాంటి సంస్థల సహాయానికి అర్జీ పెట్టుకోవచ్చు.

ఇదంతా అమెరికావాళ్ళ సంగతి, మనవాళ్ళకి కాదు అనుకోకండి. ఇండియాలో వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ఫెడరేషన్‌ని 2014లో చెన్నై కేంద్రంగా స్థాపించినవారు మన తెలుగావిడే. ఖమ్మం జిల్లా సత్తుపల్లి ప్రాంతంలో పుట్టిన మాధవీలత గారు. పసితనంలోనే పోలియో వచ్చింది. చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, నలభయ్యో పడికి దగ్గరలో, ఆరోగ్యం కోసం నీళ్ళలో దిగారు. ఆ ఈతే ఆమెని జాతీయ స్థాయి పోటీలదాకా తీసుకెళ్ళింది. తనకి దొరికిన ఆట పదిమందికీ దొరకాలని ఫెడరేషన్ పెట్టారు. అక్కడ శిక్షణ ఇచ్చినవాళ్ళలో జెస్ మార్క్ట్ అనే అమెరికన్ కోచ్ ఉన్నాడు. అతను కూడా దెబ్బ తిన్న అథ్లెటే. కాలేజీలో హైజంప్ చేసేవాడు. కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతింది. వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ ప్లేయరయ్యాడు. తర్వాత రెడ్ క్రాస్ తరఫున అఫ్ఘానిస్తాన్‌లోనూ ఇండియాలోనూ జట్లని తయారుచేశాడు. ఒక్క మనిషి ఆటలో మిగిలితే ఎంతమందికి దారి దొరికిందో చూడండి.

మరి మనం చెయ్యాల్సిందేమిటి? ఇది గుర్తుపెట్టుకోండి. రీహాబ్ జరుగుతున్నప్పుడే ఫిజియోథెరపిస్టుని అడగండి. మా అమ్మాయి ఏ ఆట ఆడగలదు, ఎప్పుడు మొదలుపెట్టొచ్చు అని. వాళ్ళు చెప్పేదాకా ఆగకండి, మీరే అడగండి. నేషనల్ వీల్‌చెయిర్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌ని అడిగితే దగ్గరలో ఏ జట్టుందో చెప్తారు. పిల్లల జట్లు కూడా ఉన్నాయి. స్కూలుని కూడా అడగండి. వైకల్యం ఉన్న పిల్లలకి ఆటల్లో సమాన అవకాశం ఇవ్వాలని 2013 జనవరిలో అమెరికా కేంద్ర విద్యాశాఖ బడులకి స్పష్టంగా రాసింది. దానికి ఆధారం 1973 నాటి చట్టం. ఇక ఇరుగుపొరుగువాళ్ళకి ఒక మనవి. మనలో ఎవరింట్లోనైనా కష్టం వస్తే వంతులేసుకుని వంట చేసి పంపుతాం. అది మన మంచితనం. దాంతోపాటు ఇంకొక వంతు వేసుకుందాం. వారానికొకరు ఆ పిల్లని ప్రాక్టీసుకి రైడ్ ఇచ్చి తీసుకెళ్ళండి. గంటసేపు అక్కడే కూర్చుని చూడండి. మొదటి రోజు బంతి రింగుకి అందదు. కుర్చీ ఒకవైపుకి లాగుతుంది. ఇంటికి పోదాం అంటుంది. రెండోసారి కూడా తీసుకెళ్ళండి. ఆ తర్వాత ఉండాలా మానాలా అన్నది ఆమె ఇష్టం. ఆ నిర్ణయం ఆమెది, మనది కాదు. కోర్టు చూడకుండానే ఆమె తరఫున మనం వద్దనకూడదు. నా మాటంతా ఇంతే.